వెనక నిలబడ్డ మనిషి

బ్రేకు దీపాలు మూడోసారి వెలిగాయి. ఎడమదీ కుడిదీ రెండూ వెలిగాయి, మంచు పట్టిన మట్టి మీద రెండు ఎర్రటి మరకలు పడ్డాయి, ఆరిపోయాయి. నేను చెయ్యెత్తలేదు. చెయ్యెత్తి "సరే తాతా" అని ఒక్క కేక వేస్తే చాలు, తాత పికప్‌ని గేరులో వేస్తాడు, దాని వెనక తగిలించిన ఈ చిన్న క్యాంపర్, చక్రాల మీది మా గది, కదులుతుంది, గేటు దగ్గర గొర్రెలు దాటకుండా పరిచిన ఇనుప కడ్డీల మీద ధడధడమని పోయి, పన్నెండు కిలోమీటర్ల మట్టిరోడ్డు దాటి, పెద్ద రోడ్డెక్కుతుంది. అక్కణ్ణుంచి గంటకి వంద వేగం, మధ్యాహ్నానికి సముద్రం. వెనక నిలబడ్డ మనిషి చెయ్యెత్తకుండా బండి కదలకూడదు. అది అమ్మమ్మ పెట్టిన నియమం. అమ్మమ్మ ఫిబ్రవరిలో పోయింది, నియమం ఉండిపోయింది, అందుకే తాత ఇంకా అద్దంలో నా చేతి కోసం చూస్తున్నాడు. అద్దంలో ఆయన కళ్లు నాకు కనపడవు, టోపీ అంచు మాత్రమే కనపడుతుంది. దీపాలు బాగానే ఉన్నాయి. దీపాలతో నాకేం పేచీ లేదు. క్యాంపర్ ముక్కుకి ఉన్న ఇనుప గిన్నె, పికప్ వెనకున్న ఇనుప బంతిని లోపలికి తీసుకోలేదు. బంతి నెత్తిన ఊరికే ఎక్కి కూర్చుంది. పైన మీట మూసే ఉంది, మేకు దిగే ఉంది, దూరం నుంచి చూస్తే అంతా సరిగ్గానే ఉంది. ఐదు నిమిషాల క్రితం నేను దాని కింద వేలు పెట్టి చూశాను. వేలు దూరింది. దూరకూడదు.

ఆ గ్రీజు ఇంకా నా వేలికి ఉంది, అమ్మమ్మ కోటుకి తుడుచుకున్నాను, మళ్లీ తుడుచుకున్నాను. ఇంత చలిలో గ్రీజు గట్టిపడి కొవ్వులా అంటుకుంటుంది. తాత ఇంతకుముందు మర్చిపోయినవన్నీ చిన్నవి, నేనే సరిచేసేదాన్ని. మెట్టు మడవకపోతే మడిచేదాన్ని, గ్యాస్ సిలిండర్ తెరిచి ఉంటే కట్టేసేదాన్ని, తాత స్టీరింగు ముందు కూర్చుని అద్దం సర్దుకుంటూ ఉండే ఆ రెండు నిమిషాల్లో అయిపోయేవి. ఇది అలా అయ్యేది కాదు. ముందున్న చిన్న చక్రాన్ని మళ్లీ దించి, హ్యాండిల్ తిప్పి, క్యాంపర్ ముక్కు మొత్తాన్ని పైకి లేపి, మీట విప్పి, మళ్లీ దించాలి. ఆ కిర్రుకిర్రుకి తాత దిగి వస్తాడు. ఎవరికీ తెలియకుండా చేసే పని కాదిది. చెయ్యెత్తాలి, లేకపోతే చెప్పాలి. నాకు చెప్పడం రాదు. మా బడిలో ఉన్నదే పంతొమ్మిది మందిమి, ఆ పంతొమ్మిది మంది ముందు పాఠం చదవమంటేనే టీచరమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "కాస్త మాకు కూడా, మార్నీ" అనేది, అందరూ నవ్వేవాళ్లు, నేను ఇంకా చిన్నగా చదివేదాన్ని. తాత నన్ను ఎలుకా అనే పిలుస్తాడు. ఎలుక గొంతుకి బండి ఆగుతుందా? అయినా ఇప్పుడు నేను ఏమీ అనకపోతేనే బండి ఆగి ఉంది. ఎంతసేపు ఆగుతుంది?

నెవిల్ రాకుండా ఉంటే బాగుండేది. పక్క పొలం నెవిల్ ఆరున్నరకే కంచె మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు, ఆయన కుక్క మా చక్రాలన్నీ వాసన చూసింది. తాత అప్పుడే పికప్‌ని వెనక్కి తెచ్చి ఆపాడు, చిన్న చక్రం హ్యాండిల్ చేతిలో ఉంది, గిన్నెని బంతి మీదికి దించుతున్నాడు. ఈసారైనా చేపలు పడతాయా, కొట్లో కొని ఫోటో దిగుతావా అన్నాడు నెవిల్. నీ గొర్రెలు నా కంచె దాటినన్ని సార్లు నా గాలానికి చేప పడిందిలే అన్నాడు తాత. ఇద్దరూ నవ్వుకున్నారు, తరవాత వాన మాట వచ్చింది, గోధుమ ధర మాట వచ్చింది, ఎవరో ఊరి చివర ఇల్లు అమ్మేస్తున్నారన్న మాట వచ్చింది, మాట్లాడుతూనే తాత మీట మూశాడు, మేకు దింపాడు, చిన్న చక్రాన్ని మడిచేశాడు. అమ్మమ్మ ఉంటే నెవిల్‌ని తరిమేసేది. బండి తగిలించేటప్పుడు ఎవరూ పలకరించకూడదు, పలకరిస్తే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి, దేవుడే గేటు దగ్గరికొచ్చినా కాసేపు కూర్చోమని చెప్పాలి. ఇది కూడా ఆవిడ నియమమే. క్యాంపర్లు లాగేవాళ్లు చేసే తప్పులన్నీ మాటల మధ్యలోనే జరుగుతాయనేది. ఒకసారి సముద్రం దగ్గర పక్కవాళ్లావిడ కేకు పళ్లెం పట్టుకుని వీడ్కోలు చెప్పడానికొస్తే, అమ్మమ్మ ఆవిడ వైపు తిరక్కుండానే చెయ్యి అడ్డం పెట్టి, ఆగినప్పుడు క్యాంపర్‌ని కదలకుండా నిలబెట్టే నాలుగు మూల కాళ్లూ పైకి తిప్పి, దాన్ని పికప్‌కి కట్టే గొలుసులు రెండూ అడ్డంగా ఒకదాని మీదొకటి వేసి కొండీలు బిగించి, అప్పుడు తిరిగి "ఇప్పుడు చెప్పమ్మా" అంది. ఆవిడకి కోపం వచ్చింది. కేకు మాత్రం ఇచ్చింది.

కాబట్టి ఇది నెవిల్ తప్పు. మాటల్లో పెట్టాడు, తాత మర్చిపోయాడు, ఎవరైనా మర్చిపోతారు. ఇలా అనుకుంటే ఎంత హాయిగా ఉంటుందో. ప్రతిసారీ ఒకటి దొరుకుతుంది నాకు, ప్రతి తప్పుకీ తగిలించడానికి ఒక మనిషో గాలో. ఈస్టర్ అప్పుడు గాలి. అమ్మమ్మ లేకుండా అది మొదటి ప్రయాణం, నేను ఆవిడ సీట్లో కూర్చున్నాను, సీటు ఆవిడకి తగ్గట్టు ముందుకి జరిపి ఉంది, మోకాళ్లు తగులుతున్నా నేను వెనక్కి జరపలేదు. పెద్ద రోడ్డు మీద ఎదురుగా రెండు పెట్టెల గొర్రెల లారీ వస్తోంది. తాత ఎప్పట్లాగే స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తి పలకరించాడు, లారీ అతనూ ఒక వేలు ఎత్తాడు, అదే క్షణంలో క్యాంపర్ పక్కన చుట్టి ఉండాల్సిన పందిరి గుడ్డ విప్పుకుని పెద్ద పక్షి రెక్కలా రోడ్డు మధ్యకి తెరుచుకుంది. లారీ మట్టిలోకి దిగింది. హారను చాలాసేపు మోగింది, మమ్మల్ని దాటిపోయాక కూడా మోగుతూనే ఉంది. తాత పక్కకి ఆపి, విరిగిన కర్రని చూసి, పాడు గాలి అన్నాడు. ఆ పొద్దున ఆకు కూడా కదల్లేదు. చుట్టిన గుడ్డకి కట్టాల్సిన పట్టీలు రెండూ మా వరండా బల్ల మీద ఉన్నాయని నాకు ఇంటికొచ్చాక తెలిసింది. నేను వాటిని తీసి క్యాంపర్ లోపల సొరుగులో పెట్టాను, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు. అమ్మ అడిగితే గాలి అన్నాను. ఆ రాత్రి నోటుబుక్కులో మాత్రం పట్టీలు అని ఒక్క మాట రాసుకున్నాను.

ఆ తరవాత ఇది ఐదో ప్రయాణం. కప్పు మీద గాలి కిటికీ. మెట్టు. సిలిండర్. వెనక కుడి మూల కాలు, అది దిగే ఉంది, అలాగే లాగి ఉంటే గేటు కడ్డీలకి తగిలి విరిగేది. ప్రతిసారీ నేను ఆయన వెనకే తిరిగాను, ప్రతిసారీ చెయ్యెత్తి సరే అన్నాను. వేలెత్తి పలకరించిన ఆ లారీ అతని మొహం నాకిప్పుడు గుర్తులేదు, వేలు గుర్తుంది. పెద్ద రోడ్డు మీద మా ఎదురుగా వచ్చేవాళ్లందరూ ఆ వేలు ఎత్తుతారు. టపా బండి ఆవిడ ఎత్తుతుంది, బడి బస్సు నడిపే రస్ ఎత్తుతాడు, మేం ఎవరమో తెలియని వాళ్లు కూడా ఎత్తుతారు, వాళ్లందరూ మా బండి సరిగ్గానే ఉందనుకుంటారు, ఎందుకంటే వెనక ఒక మనిషి నిలబడి చూసి చెయ్యెత్తి ఉంటుంది కదా.

గేటు దగ్గర పడిపోతే బాగుండు. ఈ ఆలోచన ఇందాకటి నుంచీ ఈగలా తిరుగుతోంది. చెయ్యెత్తేస్తాను, గేటు కడ్డీల మీద కుదుపుకి గిన్నె బంతి మీంచి జారిపోతుంది, క్యాంపర్ ముక్కు నేలకి గుచ్చుకుంటుంది, గొలుసులు పట్టుకుంటాయి, ఎవరికీ దెబ్బ తగలదు. తాత తనే దిగి చూసుకుంటాడు. నేను ఏమీ చెప్పక్కర్లేదు. కానీ అక్కడ పడకపోతే? గిన్నె అలా బంతి నెత్తిన కూర్చునే వంద కిలోమీటర్లు పోవచ్చు, ఒక్కోసారి పోతుందని అమ్మమ్మే చెప్పింది. పోయి పోయి, సరిగ్గా ఎదురుగా ఎవరో వేలు ఎత్తే క్షణంలో లేస్తుంది.

అమ్మమ్మ. ఈ కోటు ఆవిడదే, పొలం కోటు, భుజాలు నాకు వదులు. ఆవిడ పోయాక మొదటిసారి వేసుకున్నప్పుడు జేబులో చేతికి తగిలాయి: రెండు మేకులు, ఒక పట్టీ, ఒక కొండీ, సిలిండర్ మూత తిప్పే చిన్న రెంచి. ఎందుకు మోసేదో నాకు ఈస్టర్ దాకా తట్టలేదు. ఆవిడ ఎప్పుడూ రెండుసార్లు తిరిగేది. మొదటిసారి తాతతో కలిసి, ప్రతిదాన్నీ అరచేత్తో తట్టి, పేరు పైకి అంటూ. రెండోసారి తాత ఎక్కి కూర్చున్నాక, ఒక్కతే, ఏమీ అనకుండా. ఇంటికి వెళ్లొస్తానని చెబుతున్నాను అనేది. తాత కిటికీలోంచి తల బయటపెట్టి, ఏనాడైనా నా చుట్టూ ఇన్నిసార్లు తిరిగావా, వేరా, అని అమ్మమ్మని పేరు పెట్టి దెప్పేవాడు. నువ్వు ఊడిపోయి రోడ్డున పడవు కదా ఎర్విన్, అనేది ఆవిడ. మేమందరం నవ్వేవాళ్లం. ఆ రెండోసారి ఆవిడ ఏం చేసేదో ఇప్పుడు నాకు తెలుసు. ఎన్నేళ్లు చేసిందో తెలియదు. అమ్మకి చెప్పలేదు, ఆసుపత్రి మంచం మీద కూడా ఎవరికీ చెప్పలేదు, పొయ్యి మీద ఇత్తడి గిన్నె ఎవరికివ్వాలో చెప్పింది గానీ ఇది చెప్పలేదు. ముప్ఫై ఏళ్లుగా ఒక్క మేకు కూడా మర్చిపోలేదని తాత అందరితో అంటాడు. అబద్ధం కాదు, ఆయనకి తెలిసిన నిజం అది. ఆ నిజాన్ని తయారుచేసింది మేం ఇద్దరం, ముందు ఆవిడ, తరవాత నేను. ప్రేమతోనే చేశాం. అయినా మోసమే కదా. వెనక రోజూ ఎవరో సరిచేస్తుంటే మనిషికి తన చేతులు తప్పుతున్నాయని ఎలా తెలుస్తుంది?

చెబితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. అమ్మ వృద్ధుల ఆశ్రమంలో పని చేస్తుంది, ఇలాంటివి ఎక్కడ మొదలై ఎక్కడికి పోతాయో ఆవిడకి రోజూ కనపడుతూనే ఉంటుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళుతుంది, డాక్టరు ఒక కాగితం రాస్తాడు, ఆ కాగితంతో లైసెన్సు పోతుంది. ఇక్కడ రొట్టె కావాలన్నా నలభై కిలోమీటర్లు. బండి లేని మగవాళ్లని చూశాను నేను, చర్చి అయ్యాక ఎవరు తీసుకెళతారా అని మెట్ల దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడతారు, నవ్వు మొహం పెట్టుకుని. తాతని అలా ఎప్పుడూ ఊహించలేదు. ఇప్పుడు ఊహించాను. ఊహించకుండా ఉండాల్సింది.

దీపాలు నాలుగోసారి వెలగలేదు. ఇంజను ఆగింది. ఉన్నట్టుండి చెట్టు మీద గులాబీ రంగు గలా చిలకలు అరవడం వినపడింది, అంతకుముందూ అరుస్తూనే ఉండి ఉంటాయి. తలుపు తెరుచుకుంది. ఆయన దిగడం ఈ మధ్య ఆలస్యమవుతుంది, ముందు ఒక కాలు, తరవాత తలుపు పట్టుకుని రెండోది. నా వైపు నడిచి వచ్చాడు, కోపంగా లేడు.

"ఏమయింది ఎలుకా? దీపాలు వెలగట్లేదా?"

"వెలుగుతున్నాయి."

"మరి చెయ్యి గడ్డకట్టిందా?"

నేను ముందువైపు చూపించాను. మాట రాలేదు, చెయ్యే వచ్చింది, ఇందాక ఎత్తాల్సిన చెయ్యి. ఆయన వెళ్లి వంగి చూశాడు. తనూ వేలు పెట్టాడు, నేను పెట్టిన చోటే. నిటారుగా లేచి, నెవిల్ గాడు వాగుతుంటే ఇలాగే ఉంటుంది, మంచి పని చేశావు, మీ అమ్మమ్మ కళ్లు వచ్చాయి నీకు అన్నాడు. చిన్న చక్రం దించడానికి చెయ్యి వేశాడు. ఐదు నిమిషాల పని, ఎత్తి దించితే సరిపోతుంది, మళ్లీ వెళ్లిపోతాం. నాకు ఎంత తేలికయిందంటే కళ్లలో నీళ్లొచ్చాయి. బాగైపోయింది. ఇక ఏమీ చెప్పక్కర్లేదు. సాయంత్రానికి ఇసుకలో ఉంటాం. తరవాత వచ్చే ప్రయాణంలో మళ్లీ నేను వెనక తిరుగుతాను, ఆ తరవాత దాంట్లో కూడా, ఏదో ఒక రోజు నాకు బడి పరీక్ష ఉంటుంది, ఆయన ఒక్కడే వెళతాడు.

"ఇదొక్కటే కాదు తాతా," అన్నాను.

నా గొంతు నాకే వినపడింది. ఆయన హ్యాండిల్ తిప్పడం ఆపాడు, కానీ తిరగలేదు. నేను ఆయన వీపుకి చెప్పాను. పట్టీలు, కిటికీ, మెట్టు, సిలిండర్, మూల కాలు. పాఠం అప్పజెప్పినట్టు వరసగా చెప్పాను, ఒక్కటి కూడా చిన్నగా అనలేదు.

"ఎప్పట్నుంచి?"

"ఈస్టర్ నుంచి." అక్కడ ఆగాల్సింది. "అంతకుముందు అమ్మమ్మ చేసేది."

ఆ మాట వెనక్కి తీసుకోగలిగితే నేను ఏమైనా ఇచ్చేదాన్ని. మిగతావన్నీ ఆయన మోసేవాడేమో, ఇది మోయలేకపోయాడు. పికప్ వెనక తలుపు అంచుకి చెయ్యి ఆనించాడు. పొలం వైపు చూశాడు, గోధుమ మోకాలెత్తు ఉంది, మంచు కరిగి తడిగా మెరుస్తోంది. "వేరానా," అన్నాడు, నన్ను అడిగినట్టు కాదు. నేను ఈ కోటు వేసుకుని ఉన్నానని అప్పుడు గుర్తొచ్చింది, విప్పేద్దామనుకున్నాను, వేళ్లు గుండీల మీద కదల్లేదు.

అమ్మ ఫ్లాస్కూ, ఉప్పు మాంసం పెట్టిన రొట్టెల డబ్బా పట్టుకుని వరండా దిగి వస్తోంది. ఇంకా బయల్దేరలేదా, నేను డ్యూటీకి పోవాలి అంటూనే దగ్గరికి వచ్చి, మా మొహాలు చూసి ఆగింది.

"వెళ్లట్లేదు," అన్నాడు తాత.

"ఎందుకు నాన్నా?"

"పిల్ల వద్దంటోంది."

అమ్మ నా వైపు తిరిగింది. ఏమే, తాత నెల రోజులుగా ఎదురుచూస్తున్నాడు, ఇప్పుడా చెప్పేది అంది. నేను చెప్పాలి. రెండోసారి చెప్పాలి, ఈసారి అమ్మకి, ఈసారి ఆయన ఎదురుగా. నేను నోరు తెరిచేలోపే తాత పని మొదలుపెట్టాడు. క్యాంపర్ చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టి, ఒక్కోదాన్ని బూటుతో తన్ని చూశాడు. దీపాల ప్లగ్గు లాగి, మూత పెట్టి, దుమ్ము పడకుండా తీగ చుట్టి తగిలించాడు. కొండీలు విప్పి గొలుసులు తీశాడు, వాటిని నేల మీద పడనివ్వలేదు. చిన్న చక్రం దించి, గిన్నె బంతి మీంచి లేచేదాకా తిప్పి, చేత్తో కింద తడిమి, అప్పుడు మీట విప్పాడు. పికప్‌ని ఒక మీటరు ముందుకి జరిపి, దిగి, మళ్లీ వెనక్కి వచ్చాడు. నాలుగు మూల కాళ్లూ దింపాడు, ప్రతి కాలి కిందా పలక పెట్టాడు, సమంగా ఉందో లేదో నీటిమట్టం కర్ర పెట్టి చూసి, వెనక ఎడమదాన్ని అర చుట్టు తిప్పాడు. పందిరి పట్టీలు లాగి చూశాడు. సిలిండర్ కట్టి ఉందో లేదో చూశాడు. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తడబడలేదు, దేని వరస దానిదే. ప్రతిదాని దగ్గరా నేను ఆయన చేతులే చూశాను. ఒక్కటి మర్చిపోవాలి, ఒక్కటే చాలు, అమ్మ చూస్తుండగా. అలా కోరుకుంటున్నానని నాకు తెలుస్తూనే ఉంది. నెవిల్ అవతల ట్రాక్టరు మీంచి చెయ్యూపి ఏదో అరిచాడు, తాత తలెత్తలేదు. చివరికి మెట్టు మడిచి, తలుపు తాళం వేసి, ఒకసారి లాగి చూసి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, మా ఇద్దరి పక్కనుంచే ఇంట్లోకి నడిచి వెళ్లిపోయాడు.

అమ్మ ఫ్లాస్కు పట్టుకుని అక్కడే నిలబడింది. క్యాంపర్‌ని చూసింది, నన్ను చూసింది.

"మరి ఎందుకే వద్దన్నావు? అన్నీ సరిగ్గానే చేశాడు కదే," అంది.

చేశాడు. ఒక్కటి కూడా మర్చిపోలేదు.